అరిచే మాస్టారి గురించి నాన్నగారికి, అమ్మకు

ఇండియానాపోలిస్,
జూలై 19

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఫోన్‌లో నాన్నగారికి సగం మాటలు వినబడవు, మిగతా సగం అమ్మ తనకు తోచినట్టు చెబుతుంది. అందుకే ఈసారి ఉత్తరం. ఆఫీసు మామూలే. మీ అల్లుడుగారి నడుం నొప్పి తగ్గింది. కందిపొడి అయిపోయింది.

మా చంటి తన డ్రమ్ కోర్‌లో (వేసవిలో ఊరూరా తిరుగుతూ పోటీల్లో వాయించే కవాతు బృందం) మాస్టారు అరిచే వీడియో పంపితే, అది చూసినప్పటి నుంచి మీ ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవని చెల్లి చెప్పింది. పిల్లవాడి మీద అలా అరుస్తుంటే చూస్తూ ఊరుకుంటారా, వెంటనే ఇంటికి తెచ్చుకోండని అమ్మ. అతనే అసలైన గురువు, మధ్యలో తల దూర్చొద్దని నాన్నగారు. పోయిన వారం సెలవు పెట్టి ఆ బృందంతోపాటే ఊళ్ళు తిరిగి వచ్చాను కాబట్టి, కళ్ళతో చూసిందే రాస్తున్నాను.

ముందు అమ్మ కోసం తిండి సంగతి. డ్రమ్ కోర్‌లో వంట చేసేది మాలాంటి తల్లిదండ్రులే. పెద్ద ట్రక్కులోనే వంటిల్లు. రోజుకు నాలుగు పూటలు, పిల్లలు, టీచర్లు, డ్రైవర్లు కలిపి దాదాపు రెండు వందల మందికి. ఉల్లిపాయలు తరిగి తరిగి నా కళ్ళు వాచిపోయాయి. శాకాహారం తినే పిల్లలు ఇంకా ఉన్నారు, చంటి ఒక్కడే కాదు. ఒక రోజు అడిగి నిమ్మకాయ పులిహోర చేశాను, గిన్నె ఖాళీ. వాడు నల్లబడ్డాడు, చిక్కాడు, కానీ నీరసంగా లేడు. రాత్రిళ్ళు ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊరి హైస్కూలు జిమ్‌లో నేల మీద పడక. ఒక్కొక్కరి చేతిలో గాలన్ నీళ్ళ డబ్బా ఉండాల్సిందే. ఎండలో గంట గంటకూ నీళ్ళు తాగిస్తున్నారు.

ఇక మాస్టార్లు. చంటి వాయించే స్నేర్ డ్రమ్ముల (కర్రలతో వాయించే చిన్న డ్రమ్ములు) వాళ్ళకు ఇద్దరు. ఒకాయన గొంతు మైదానం అవతలి దాకా వినిపిస్తుంది. రెండో ఆయన మాట్లాడితే దగ్గరికెళ్ళి వినాలి.

మంగళవారం మధ్యాహ్నం నేను కూరగాయల తొక్కలు పారేయడానికి బయటికి వచ్చాను. స్పీకర్లో లయ చూపే మెట్రోనోమ్ టక్ టక్‌మని మోగుతోంది. ఎనిమిది లెక్కల ముక్క ఒకటి, దాన్నే వాయిస్తున్నారు. ఆపారు. మళ్ళీ. ఆపారు. మళ్ళీ. నేను లెక్కపెట్టాను నాన్నగారూ, పద్దెనిమిది సార్లు. అందరి కర్రలూ ఒకే ఎత్తుకు లేవాలి, మూడంగుళాలంటే మూడే. ఒక్కరు కాస్త అటూ ఇటూ అయినా మొత్తం వరస ‘డర్టీ’ అంటారు. ఆ అరిచే ఆయన చంటిని ఒక్కడినే వాయించమన్నాడు. వాయించాడు. “ఎడమ కర్ర ఒక అంగుళం ఎక్కువ లేస్తోంది, మళ్ళీ” అని అరిచాడు. వాడి వేళ్ళకు టేపు చుట్టి ఉంది, అంచుల దగ్గర మట్టి పట్టి నల్లబడిపోయింది. నా చేతిలో తొక్కల బకెట్టు అలాగే ఉండిపోయింది.

అంతవరకైతే నేను నాన్నగారి పక్షమే. అరిచినా తప్పేమిటో చెప్పాడు, ఎంత తప్పో అంగుళాల్లో చెప్పాడు. కానీ ఐదోసారి కూడా కుదరకపోయేసరికి, “నీ వల్ల ఇంకో పిల్లవాడికి ఈ చోటు దక్కకుండా పోయింది, తెలుసా” అన్నాడు. అందరి ముందూ. ఆ మాటలో డ్రమ్ము నేర్పేది ఏముంది చెప్పండి. చంటి తల దించుకున్నాడు. తర్వాతి రెండు గంటలూ వాడి కుడి చెయ్యి కూడా తప్పింది.

సాయంత్రం రెండో ఆయన వాడిని పక్కకు తీసుకెళ్ళి గడ్డిలో కూర్చోబెట్టాడు. డ్రమ్ము లేదు, ప్యాడ్ లేదు. “నీ ఎడమ చెయ్యి ఏం చేస్తోందో నాకు చెప్పు” అని అడిగాడు, అంతే. వీళ్ళు ఎడమ కర్రను అరచెయ్యి పైకి ఉండేలా పట్టుకుంటారు. ఒకప్పుడు డ్రమ్ము భుజానికి వేలాడుతూ ఒక పక్కకి వాలి ఉండేది, ఆ పట్టు అప్పటిది. కష్టమైన పట్టు. చంటి తొడ మీద వాయిస్తూ, ఆలోచిస్తూ, బొటనవేలు బిగిసిపోతోందని వాడే కనిపెట్టాడు. తప్పు అంగుళమని ఒకాయన చెబితే, ఆ అంగుళం ఎక్కడి నుంచి వస్తోందో రెండో ఆయన వాడి చేతే వెతికించాడు. పోయినేడు మా ఊళ్ళో వాడికి నేర్పిన ఒకాయన ఇంకా మెత్తన. ఏం వాయించినా బాగుంది బాగుంది అనేవాడు. ఆ మెత్తదనం వల్లే వాడు ఒక కోర్ ఆడిషన్‌లో ఎంపిక కాలేదు. అందుకని మెత్తగా చెప్పేవాళ్ళంతా మంచి టీచర్లని నేను అనను, అమ్మా.

‘ఇంకో పిల్లవాడికి చోటు దక్కకుండా పోయింది’ అన్న మాట గురించి మర్నాడు డ్రమ్ముల విభాగం పెద్దాయనతో మాట్లాడాను. శ్రద్ధగా విన్నారు. 2018లో కోర్‌లలో జరిగిన కొన్ని ఘోరాలు ఇక్కడి పత్రికల్లో బయటపడ్డాక పిల్లల రక్షణ నియమాలు గట్టిచేశారు, ఫిర్యాదు చేయడానికి దారులున్నాయి. తర్వాత రోజు ఆ మాస్టారి అరుపులు తగ్గలేదు గానీ అలాంటి మాట మళ్ళీ వినలేదు. నేను వెళ్ళి మాట్లాడినట్టు చంటికి తెలియదు. మీరు ఫోన్‌లో నోరు జారకండి.

నాన్నగారూ, ఈ కోర్‌లను మొదట్లో నడిపింది ఎక్కువగా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు. కవాతు, బ్యూగిలు, ఆ క్రమశిక్షణ అంతా అక్కడిదే. 1972లో డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, ఈ పోటీలు నడిపే సంస్థ) మొదటి ఛాంపియన్‌షిప్ జరిగే నాటికి జడ్జిలు మైదానంలో పిల్లల మధ్యే తిరుగుతూ తప్పుకు పదోవంతు పాయింటు చొప్పున కోసేవారట. 1984లో ఆ పద్ధతి పోయింది. ఒక్క దెబ్బ తప్పితే మార్కు పోయే చోట అరుపులు కాక ఏముంటాయి. అలా నేర్చుకున్నవాళ్ళే టీచర్లయ్యారు, ఇప్పుడు వాళ్ళ శిష్యులు నేర్పుతున్నారు. మీ గురువుగారు మిమ్మల్ని స్తంభానికి కట్టేసిన సంగతి మీరు నవ్వుతూ చెప్పేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

అన్నయ్య సంగతి రాయకూడదనుకున్నాను. కానీ మంగళవారం నుంచి అదే కళ్ళ ముందు ఆడుతోంది. వాడికి పదమూడేళ్ళు. మీ దగ్గర మృదంగం నేర్చుకుంటూ, బాగా వేగంగా వాయించే మూడో కాలంలో తప్పుతున్నాడని మీరు విసనకర్ర కాడతో మణికట్టు మీద కొట్టారు. ఆ తర్వాత మృదంగం అటకెక్కింది. నేను తలుపు వెనక బియ్యం ఏరుతున్నాను. వాడి ఎడమ చెయ్యి వెనకబడుతోందని నాకు వినిపించింది. చెప్పే ధైర్యం లేకపోయింది. మీరు ‘మళ్ళీ’ అన్నారు గానీ, ఎడమ చెయ్యి అని ఒక్కసారి కూడా అనలేదు నాన్నగారూ.

కోపంతో రాయడం లేదు. పోయిన సంక్రాంతికి ఎదురింటి పాపకు మీరు నేర్పుతుంటే అమ్మ వీడియో కాల్‌లో చూపించింది. దాని చిట్టి వేళ్ళు మీ చేతిలోకి తీసుకుని, త, ది, తొం, నం అని ఒక్కొక్కటే వేయిస్తున్నారు. ఆ పాప తప్పితే మీరే మొదటి నుంచి మొదలుపెట్టారు. అది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చంటి ఇంటికి రానంటున్నాడు, నేనూ తీసుకురాను. అమ్మ దిగులు పడొద్దు. వయసు పరిమితి ప్రకారం వాడికి ఇంకా మూడు వేసవులున్నాయి, వచ్చే ఏడాది కూడా వెళ్తాడట. వీళ్ళు ఐదు గజాల దూరాన్ని సరిగ్గా ఎనిమిది అంగల్లో నడవాలి. వాడు ఆ ఎనిమిదికి ఆది తాళం వేసుకుని నడుస్తున్నానని చెప్పాడు. మీరు త ది తొం నం పాఠం మొదటి రెండు పేజీలు మీ చేత్తో రాసి, చెల్లితో ఫోటో తీయించి పంపండి. వాడు అడిగాడు.

ఫైనల్స్ ఆగస్టు రెండో వారం, ఇక్కడే లూకాస్ ఆయిల్ స్టేడియంలో. గురువారం అందరూ, శుక్రవారం ఇరవై ఐదు కోర్‌లు, శనివారానికి పన్నెండే మిగులుతాయి. వీళ్ళది మిగిలితే మీకు ఆదివారం తెల్లవారుజామున లైవ్‌లో వస్తుంది. నాన్నగారి చెవి మిషన్‌కు కొత్త బ్యాటరీ వేయించమ్మా. అన్నయ్యను కూడా ఆ రోజుకు తెనాలి రమ్మన్నాను, చూస్తానన్నాడు.

మీ అమ్మాయి