ఊరు వదిలే ముందు ఆ సంతకం పెట్టి వెళ్దాం

సంపాదకులు గారికి నమస్కారం.

మాది చోడవరం దగ్గర ఒక పల్లె. నాకు 58 ఏళ్ళు, మా ఆయనకి 64. మొన్న 2025 శ్రావణ మాసంలో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, ఒక్కతే కూతురు మాకు, అలా మేము అమ్మమ్మా తాతయ్యా అయ్యాం. సంక్రాంతి వెళ్ళాక ఊరు వదిలి విశాఖపట్నం వచ్చేస్తున్నాం, పాపకి దగ్గర్లో ఉండాలని. మాలాగే పిల్లల కోసం పొలం కౌలుకిచ్చి సిటీకి వచ్చేసిన వాళ్ళు, వచ్చేద్దాం అనుకుంటున్న వాళ్ళు మీ పేపర్ చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు, వాళ్ళతో ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అది కౌలు రైతు కార్డు సంగతి, అంటే ఈ పొలంలో పంట వేసేది ఫలానా కౌలు రైతు అని, భూమి ఉన్నవాళ్ళ సంతకంతో ప్రభుత్వం ఇచ్చే కార్డు. కానీ మా కథ కొంచెం చెప్తే గాని నేనెందుకింత గట్టిగా అంటున్నానో తెలీదు.

మా ఇళ్ళల్లో తొలికాన్పు అంటే పుట్టింట్లోనే. సూడిదలు పెట్టి పిల్లని తెచ్చేసుకోవడం, మూడో నెల వచ్చేదాకా పంపకపోవడం, నా పురుడూ అలాగే జరిగింది. మా అమ్మాయికి మాత్రం కుదర్లేదు, బీపీ ఎక్కువుంది, పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉండాలి అన్నారు డాక్టరమ్మ, మా ఊరి నుంచి అర్ధరాత్రి నొప్పులొస్తే ఆ గోతుల రోడ్డు మీద ఆటోలో ఎలా తీసుకెళ్తాం చెప్పండి. అందుకని నేనే బెల్లం, నెయ్యి, మినప సున్నుండలు, పొత్తిళ్ళకి చింపిన పాత నేత చీరలు అన్నీ మూట కట్టుకుని సబ్బవరం మీదుగా బస్సెక్కి దాని దగ్గరకి వెళ్ళాను. పాప పుట్టిన రోజు మా ఆయన ఉభాల్లో, అంటే వరి నాట్లలో ఉన్నారు. మడిలో మోకాళ్ళ దాకా బురదలో నిలబడే ఫోన్ ఎత్తారు. ఆడపిల్ల అని చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మా అమ్మ పోలికేనా" అన్నారు. మర్నాడు ఫస్ట్ బస్సుకే వచ్చేసారు, గోళ్ళలో మట్టి ఇంకా పోలేదు, చేతులు మూడుసార్లు కడుక్కున్నాక గాని పాపని ముట్టుకోలేదు.

అమ్మాయికి 26 వారాల సెలవు ఇచ్చారు, కాన్పుకి ముందే కొన్ని వారాలు వాడేసింది కాబట్టి సంక్రాంతికి అయిపోతుంది. మా వియ్యపురాలికి మోకాళ్ళ నొప్పులు, శ్రీకాకుళం నుంచి కదల్లేరు పాపం, కదిలే ఓపిక ఉంటే ఆవిడే వచ్చేవారు. అమ్మాయి ఒక్కసారి కూడా అమ్మా వచ్చెయ్యి అని అడగలేదు. రోజూ రాత్రి ఫోన్ లో పాపని చూపించేది, పాప మా ఆయన గొంతు వినగానే కాళ్ళు ఆడించేది, ఫోన్ పెట్టేసాక మా ఆయన అరుగు మీద చాలాసేపు కూర్చునేవారు. కార్తీక పౌర్ణమి వెళ్ళాక ఒక రోజు ఆయనే అన్నారు, "ఇంక చాలు, పోదాం".

అల్లుడు గారు మా ఇంట్లోనే ఉండండి అన్నారు, మంచి మనసుతోనే అన్నారు. కానీ కూతురింట్లో పూర్తిగా ఉండిపోవడం మా పెద్దాళ్ళకి లేని అలవాటు, పైగా వాళ్ళకీ వాళ్ళ సంసారం ఉంటుంది. వాళ్ళుండేది వేపగుంట వైపు, మేము పెందుర్తిలో రెండు గదుల పోర్షన్ అద్దెకి మాట్లాడుకున్నాం, పొద్దున్న వెళ్ళి సాయంత్రం అమ్మాయి వచ్చేదాకా పాపతో ఉండొచ్చు. ఊరికి వెళ్ళిరావడానికీ పెందుర్తే వీలు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ చేసారు కాబట్టి నాకు ఖర్చు లేదు, మా ఆయనకి 60 దాటాయి గనక టికెట్లో 25 శాతం తగ్గుతుంది.

మాకున్నది మూడున్నర ఎకరాలు. రెండున్నర మా ఆయన పేరు మీద, అందులో పల్లం ఎకరంన్నర వరి, ఒక ఎకరం చెరకు. ఇంకో ఎకరం గరువు, అంటే మెట్ట భూమి, మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది, చోళ్ళు (రాగులు), కందులు వేస్తాం. నేను సంక్రాంతికి వెళ్ళిపోయినా మా ఆయన ఉగాది దాకా ఊళ్ళోనే ఉండాలి, చెరకు నరికించి బెల్లం వండించాలి కదా. ఈ బెల్లం పని తెలీని వాళ్ళకి చెప్తున్నాను, తెల్లారగట్ల గానుగ మొదలైతే రసం పెనంలో పోసి పిప్పితోనే మంట పెట్టి, సున్నం వేసి, పైకి తేలిన మడ్డి తీస్తూ ఉండాలి, పాకం చేత్తో చూసి చెప్పే మనిషి మా ఊళ్ళో ఇప్పుడు ఇద్దరే మిగిలారు, అందులో ఒకరు మా ఆయన. దిమ్మలు అనకాపల్లి మార్కెట్ కి వెళ్ళాక రంగు చూసి రేటు కడతారు. మేము వేసేది 87ఏ298 రకం, అనకాపల్లి పరిశోధన కేంద్రంలో తయారైందే. ఒకప్పుడు మా వీధిలో ఏ ఇంటి గుమ్మంలో చూసినా చెరకు గడలే ఉండేవి, ఇప్పుడు కూలీ గిట్టక చాలామంది మానేసారు.

గేదెని పక్కింటి వాళ్ళకే ఇచ్చేసాను, పరాయి ఊరు తోలడానికి మనసు రాలేదు, రోజూ గోడ అవతల నుంచి నా గొంతు వింటే అరుస్తుంది. ఆవు మొన్న కోడెదూడని వేసింది. అమ్మాయి కాన్పు సుఖంగా అయితే కోడెదూడని సింహాద్రి అప్పన్నకి ఇస్తానని అప్పట్లో మొక్కుకున్నాను, కనుమ వెళ్ళాక ఆ మొక్కు తీర్చుకోవాలి.

ఇక పొలం సంగతి. చాలామంది ఇచ్చిన సలహా ఏమిటంటే సరుగుడో నీలగిరో వేసేసి వెళ్ళిపోండి, కూలీల గొడవ ఉండదు, నాలుగేళ్ళకోసారి కొట్టించుకోవచ్చు అని. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో సిటీకెళ్ళిన వాళ్ళ భూములు చాలా అలాగే అయ్యాయి. నాకిష్టం లేదు. ఉభాలకి, కలుపుకి వచ్చే ఆడవాళ్ళు మా పొలంలో ముప్పై ఏళ్ళుగా పని చేసారు, సరుగుడు తోటలో వాళ్ళకేం పని ఉంటుంది. అందుకని కౌలుకే ఇద్దాం అనుకున్నాం. మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, 30 ఏళ్ళుంటాయి, నన్ను పిన్నీ అంటాడు, సొంత భూమి సెంటు లేదు గాని పని మీద ప్రేమ ఉంది, మా ఆయన పక్కనే నిలబడి పాకం చూడ్డం కూడా నేర్చుకుంటున్నాడు. కౌలు శిస్తు ఎంత, ఎప్పుడివ్వాలి అన్నీ మాట్లాడుకున్నాం. అంతా అయ్యాక లేచి వెళ్ళబోతూ ఆగి, "పిన్నీ, ఒక మాట, కార్డుకి సంతకం పెడతారా" అన్నాడు. తల ఎత్తకుండా అడిగాడు, అప్పు అడిగినట్టు.

ఆ మాటతో మా ఇంట్లో రెండు రాత్రులు గొడవ. మా బావగారు వచ్చి "సంతకం పెట్టావంటే భూమి పోయినట్టే రా" అని మా ఆయన్ని భయపెట్టారు. ఆ భయం ఊరికే రాలేదు, 1956 నాటి కౌలు చట్టం, దున్నేవాడిదే భూమి అన్న మాటలు, ఇవన్నీ విని పెరిగిన తరం వాళ్ళది. మా ఆయన కూడా నోటి మాట మీద ఇద్దాంలే అన్నారు.

అప్పుడు నేను హుద్ హుద్ గుర్తు చేసాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పట్లో మేము సొంత భూమితో పాటు ఇంకో రెండెకరాలు కౌలుకి చేసేవాళ్ళం, ఆ భూమి కామందు విశాఖలో స్థిరపడిన ఆయన. గంటకి 180 కిలోమీటర్ల గాలి అన్నారు, మాకు లెక్కలు తెలీదు, పొట్ట మీదున్న వరి నేలకి అంటుకుపోయింది, జడచుట్లు వేసి నిలబెట్టిన చెరకు మొత్తం ఒరిగిపోయింది. పెట్టుబడికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం, ఎందుకంటే కౌలు చేసే మాకు ఏ బ్యాంకూ అప్పివ్వలేదు, కాగితం లేదు కదా. తర్వాత నష్టపరిహారం వచ్చింది, పాస్ బుక్ ఎవరి పేరు మీదుంటే వాళ్ళ అకౌంట్లో పడింది. మా ఆయన సిటీకి వెళ్ళి అడిగితే ఆయన కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి "నా పేరున వచ్చింది కదయ్యా" అన్నారు, ఆ ఏడు శిస్తు కూడా తగ్గించలేదు. నా మెడలో గొలుసు తాకట్టు నుంచి వెనక్కి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. నేను ఆయన్ని తిట్టుకోవడం ఎప్పుడో మానేసాను, చెడ్డ మనిషి కాదు, తన పొలం చూసి పదేళ్ళయింది, పడిపోయిన పంట ఆయన కంటికి కనపడలేదు అంతే. కానీ ఇప్పుడు ఆ సిటీలో ఉండే కామందు మేమే అవ్వబోతున్నాం. నాలుగేళ్ళు పోతే మనవరాలి స్కూలు, దాని ఆటలు, దాని జ్వరాలు, వీటిలో పడి మా పొలం మాకే గుర్తుండకపోవచ్చు. అప్పుడు మనం మంచివాళ్ళమా కాదా అన్నదాని మీద ఆ కుర్రాడి బతుకు ఆధారపడకూడదు కదా, కాగితం ఉండాలి అన్నాను. మా ఆయన ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు. పొద్దున్నే లేచి "గ్రామ సచివాలయం ఎప్పుడు తీస్తారు" అన్నారు.

ఇద్దరం వెళ్ళి అడిగి తెలుసుకున్నాం, నేను పదో తరగతి దాకా చదివాను, కాగితం మొత్తం చదివి వినిపించాను ఆయనకి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం అది. ఒప్పందం 11 నెలలకే, తర్వాత కావాలంటే మళ్ళీ మనం సంతకం పెట్టాలి. కౌలు చేసేవాడికి హక్కు పంట మీదే, భూమి మీద కాదు. భూమి తాకట్టు పెట్టలేడు, అమ్మలేడు. ఆ కార్డు ఉంటే పంట రుణానికి వెళ్ళొచ్చు, ఈ-క్రాప్ లో, అంటే ప్రభుత్వం పంట నమోదు చేసే లెక్కలో, తన పేరు ఎక్కుతుంది, తుఫాను వచ్చి పంట పోతే పరిహారం, బీమా తన పేరు మీద అడగొచ్చు, ధాన్యం కొనుగోలు కేంద్రంలో తన పేరు మీద అమ్ముకోవచ్చు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు భూమి ఉన్న వాళ్ళ పథకం, అది ఆగిపోతుందేమో అని కూడా కొంతమందికి అనుమానం, కార్డుకీ దానికీ సంబంధం లేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది, అది ఎవరూ చెప్పరు. అదే భూమి మీద మన పేరున పంట రుణం ఉంటే కార్డున్నా కౌలు రైతుకి బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం. మా ఆయన పేరు మీద అలాంటి లోన్ ఉంది. ఈసారి బెల్లం డబ్బులు రాగానే ముందు అది కట్టేద్దాం అనుకున్నాం, పెందుర్తిలో ఫ్రిజ్ తర్వాత కొనుక్కోవచ్చు.

విశాఖ వెళ్ళినప్పుడల్లా నేను పాపకి నీళ్ళు పోసేటప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని కుళాయి వైపు చూస్తూ ఉంటాను. మా మడికి వచ్చేది శారదా నది మీద కట్టిన రైవాడ రిజర్వాయర్ నీళ్ళు, విశాఖకి తాగడానికి వెళ్ళే నీళ్ళల్లో అవీ ఉన్నాయి, ఆ నీళ్ళు పొలాలకే కావాలని మా వైపు రైతులు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు. మా శారదా నది నీళ్ళే దీని నెత్తిన పడుతున్నాయేమో అనుకుంటే సిటీ కూడా మరీ పరాయిగా అనిపించదు.

అయ్యా, మీ పేపర్లో ఈ కార్డు గురించి మామూలు తెలుగులో ఒక పేజీ వేయండి, ఉగాదికి ముందే వేయండి, కొత్త కౌళ్ళు మాట్లాడుకునేది అప్పుడే. విశాఖలో అపార్ట్‌మెంట్లలో ఉంటూ ఊళ్ళో రెండెకరాలో మూడెకరాలో ఉన్న అన్నయ్యలు, వదినలు అది చదివి, పండక్కి ఊరెళ్ళినప్పుడు ఎలాగూ సచివాలయం దాటే వెళ్తారు, ఒక్క గంట ఆగి ఆ సంతకం పెట్టి రండి. కౌలు చేసేవాడు మిమ్మల్ని అడగడానికి భయపడుతూ ఉంటాడు, మీరే ముందు అడగండి.

కనుమ వెళ్ళాక సోమవారం వీఆర్వో గారు రమ్మన్నారు. మా ఆయన రెండున్నర ఎకరాలకి పెడతారు, నా ఎకరానికి నేనే పెట్టాలి. ఆ రోజుకి అమ్మాయి పాపని తీసుకుని ఊరు వస్తానంది, మా నాన్న ఇచ్చిన గరువు దానికి ఇంకా చూపించలేదు.

ఇట్లు,
చోడవరం దగ్గర నుంచి, త్వరలో పెందుర్తి నుంచి,
ఒక రైతు, ఒక అమ్మమ్మ