పొటాషియం లోపం: అంకె పెరిగితే ఆరోగ్యం కుదుటపడినట్టేనా?

సంపాదకుల వారికి,

రక్తపరీక్షలో పొటాషియం కనీస స్థాయి అయిన 3.5 (లీటరుకు మిల్లీమోల్స్‌లో) దాటగానే లోపం తీరిపోయిందనుకుని మందు మానేసేవారు చాలామంది ఉన్నారు. ఆ తొందర ఎందుకు తగదో పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

శరీరంలోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. పరీక్షకు చిక్కేది బయట తిరిగే ఆ కాస్తే. లీటరు రక్తద్రవంలో 4 మిల్లీమోల్స్ (పదార్థ పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) ఉండవలసింది 3కు పడిపోయిందంటే, ఒళ్లంతటా కలిపి సుమారు 200 నుంచి 400 మిల్లీమోల్స్ లోటు ఉండవచ్చని వైద్యుల అంచనా. మింగిన మందు పేగుల నుంచి రక్తంలోకి చేరాలి, అక్కడ మూత్రపిండాలు కొంత బయటికి పంపేయగా మిగిలినది కణాల పొరల్లోని పంపుల ద్వారా లోపలికి వెళ్లాలి. అందుకే కాళ్లలో నిస్సత్తువ, పిక్కలు పట్టేయడం ముందుగానే తగ్గినా, నిల్వలు పూర్తిగా నిండడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

మెగ్నీషియం కూడా తక్కువగా ఉంటే మూత్రపిండాలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు. ఎంత మందు వేసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే అవుతుంది. ఈ మెగ్నీషియం పరీక్షను మాత్రం చాలాసార్లు మరచిపోతుంటారు. నీరు తీసే మాత్రలు, ఆగని విరేచనాలు వంటి అసలు కారణం కొనసాగుతున్నా ఫలితం అంతే.

ఆలస్యమవుతోందని సూదిమందుతో గబగబా ఎక్కించడమూ కుదరదు. సాధారణంగా గంటకు 10 మిల్లీమోల్స్‌కు మించనివ్వరు. అంతకంటే వేగం కావాలంటే గుండె లయను యంత్రంపై కనిపెడుతూ ఉండాలి. గ్లూకోజులో కలిపి ఎక్కిస్తే ఇన్సులిన్ ఊరి, రక్తంలో ఉన్న కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి తోసేస్తుంది కనుక, సోడియం క్లోరైడ్ (ఉప్పు) ద్రావణాన్నే ఎంచుకుంటారు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి, పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపి ఉంచే మందులు వాడేవారు సొంతంగా పొటాషియం వేసుకుంటే అది మితిమీరి గుండెకే ముప్పు తెస్తుంది. అన్నట్టు, రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించి వదిలినా అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. సరిహద్దులో ఉన్న ఫలితాన్ని చూసి ధీమా పడకపోవడానికి ఇదీ ఒక కారణం.

మందు ఎన్నాళ్లు వాడాలో, మళ్లీ పరీక్ష ఏ తేదీన చేయించాలో మందుల చీటీపైనే రాసివ్వవలసిందిగా మీ పత్రిక ద్వారా వైద్యులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు