పాత చాకుల సేకరణ: కొత్త సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. పాత మడతచాకుల సేకరణ ఎలా మొదలుపెట్టాలని కొత్తగా చేరినవారు అడుగుతున్నారు. మనలో చాలామందికి ఇది కొనుగోలుతో కాక, ఇంట్లోని ట్రంకు పెట్టెలో దొరికిన ఒక్క చాకుతోనే మొదలైంది. నాకు అమలాపురంలో తాతగారి చాకు దొరికింది. మామిడికాయలు కోసి కోసి బ్లేడు సన్నబడిపోయిన ఆ చాకే ఈనాటికీ నాకు అన్నిటికంటే విలువైనది.

చాకు చేతికి రాగానే, బ్లేడు మీద పిడికి దగ్గరగా ఉండే తయారీదారు ముద్రను భూతద్దంతో చదవండి. చాకులకు పేరుపడ్డ ఇంగ్లండు నగరం షెఫీల్డు పేరు ఉన్నంతమాత్రాన ఇంగ్లండు సరుకని నమ్మవద్దు, ఆ పేరును ఇతర దేశాలవారూ వాడుకున్నారు. ఎర్ర పిడిపై శిలువ గుర్తున్న స్విస్ చాకులకు మూలం 1897లో స్విస్ చాకుల తయారీదారు కార్ల్ ఎల్సెనర్ రూపొందించిన సైనికాధికారుల చాకు. వాటికీ నకళ్లు చాలా ఉన్నాయి.

మన డెల్టా తేమకు కార్బన్ స్టీలు త్వరగా తుప్పు పడుతుంది కనుక, తోలు ఒరలో దాచకుండా, కుట్టుమిషను నూనె పలుచగా రాసి పొడిగుడ్డలో చుట్టి ఉంచండి. సానచక్రం మీద మాత్రం దయచేసి పెట్టించకండి. ఒకసారి అరిగిన ఉక్కు తిరిగి రాదు, ముద్ర కూడా చెరిగిపోవచ్చు. ఏనుగుదంతపు పిడి ఉన్నవాటి క్రయవిక్రయాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం కనుక, అటువంటివి ఈ గ్రూపులో అమ్మకానికి పెట్టవద్దు.