జూ జంతువుల పేగులనూ పట్టించుకోండి

సంపాదకులకు,

జూలో జంతువు ఆరోగ్యంగా ఉందంటే బరువు తగ్గలేదని, పేడలో నులిపురుగుల గుడ్లు లేవని అర్థం చేసుకుంటున్నాం. పేగుల్లోని బ్యాక్టీరియాను పెద్దగా లెక్కలోకి తీసుకోవడం లేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఈ పని మొదలుపెట్టాలి. ఊళ్లోనే పశువైద్య విశ్వవిద్యాలయం, దగ్గర్లోని ఏర్పేడులో ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్య, పరిశోధన సంస్థ) ఉన్నాయి కదా!

అన్ని జంతువులకూ ఒకే బెంగ అక్కర్లేదు. 2017లో వెలువడిన ఓ విస్తృత పరిశోధన ప్రకారం, బంధనంలో ఉన్న కోతిజాతి, కుక్కజాతి, గుర్రపు జాతి జంతువుల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గాయి. ఆవు, కృష్ణజింకల కుటుంబంలో పెద్దగా తేడా రాలేదు. ఖడ్గమృగాల్లో పెరిగాయట కూడా. కాబట్టి ముందు చూడాల్సింది కోతులు, కొండముచ్చులు, తోడేళ్లు, నక్కలనే.

కొండముచ్చు కడుపు గదులు గదులుగా ఉంటుంది. ఆకుల్లోని పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి జీర్ణం చేస్తుంది. అరటిపండు, బన్ను, బిస్కెట్ వేస్తే చక్కెర, పిండి గబగబా పులిసి ఆమ్లం పెరుగుతుంది. పీచు తినే బ్యాక్టీరియా చచ్చిపోయి, పొట్ట ఉబ్బి, విరేచనాలు పట్టుకుంటాయి. ఆకులు తినే వియత్నాం డూక్ కోతులపై 2016లో వచ్చిన పరిశోధనలో బంధనంలోని కోతుల పేగు బ్యాక్టీరియా మనుషులదానికి దగ్గరైంది. సందర్శకులు ప్రేమతో విసిరే బన్ను చేసేది ఇదే.

రావి, జువ్వి, మేడి, చింత కొమ్మలను ఆకులు దూయకుండా అలాగే కట్టాలి, కాలాన్ని బట్టి రకాలు మార్చాలి. మన జిల్లాల్లో మందు కొట్టిన మామిడి తోటల కొమ్మలు మాత్రం వద్దు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది గనుక దాన్నే నమ్ముకోకూడదు. మేత ఒక్కరోజులో మార్చేస్తే ఉన్న బ్యాక్టీరియా తట్టుకోలేదు. మూడు నాలుగు రోజులకోసారి పావువంతు చొప్పున, రెండు వారాల్లో మార్చాలి. సింహాలు, పులులకు ఎముకల్లేని మాంసమే వేయకుండా అప్పుడప్పుడు చర్మం, వెంట్రుకలు, మృదులాస్థితో సహా ఇస్తే, అరగని ఆ భాగమే పెద్దపేగు బ్యాక్టీరియాకు మేత. యాంటీబయాటిక్ వాడాక పోయిన రకాలు బోనులో తిరిగి చేరే దారి తక్కువ. అవసరం లేని కోర్సు మానేయడమే మేలు.

బ్యాక్టీరియా పరీక్షకు మలం నమూనా తీయడం కష్టమేమీ కాదు, కానీ చెడగొట్టడం తేలిక. మలం పడగానే, నేల తగలని లోపలి భాగం నుంచి శుభ్రమైన చెంచాతో బఠాణీ గింజంత తీసి, దానికి చాలా రెట్లు ఎక్కువగా 95 శాతం ఇథనాల్ ఉన్న సీసాలో వేయాలి. ఎండలో వదిలేస్తే గాలిలో పెరిగే రకాలు విజృంభించి ఫలితం తప్పుదారి పడుతుంది. ఫార్మలిన్ వాడితే డీఎన్ఏ పాడవుతుంది. సీసాపై జంతువు పేరు, తేదీ, ఆ వారం మేత, చివరిసారి వాడిన మందు రాయాలి. నాలుగు జంతువుల మలం కలిపేస్తే ఇక దేనిదీ తెలియదు.

ఏది మామూలో తేల్చడానికి శేషాచలం కొండముచ్చుల నమూనాలూ కావాలి. వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీయడానికి అటవీశాఖ అనుమతి ఇప్పుడే అడిగితే మంచిది.

— ఒక పశువైద్యుడు, తిరుపతి