ధర రాశారు, బొమ్మ సంగతి రాయలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

గాయ్‌తొండే అనే చిత్రకారుడి బొమ్మ 2025 సెప్టెంబరులో 67 కోట్లకి అమ్ముడైన వార్త మీరు వేసి చాలా రోజులైంది. దసరా గిరాకీలో కూర్చుని రాయడానికి కుదరలేదు, మాది ఫ్లెక్సీల షాపు. ఫ్లెక్సీలు రాకముందు చేత్తోనే బోర్డులు రాసేవాణ్ణి. అంచేత బొమ్మల వార్త ఎక్కడ కనబడినా వదలకుండా చదువుతాను. చదివాక ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే అందులో అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఢిల్లీలో వేలం, ఇన్ని కోట్లు, పాత రికార్డు గల్లంతు, అయిపోయింది. 2025 మార్చిలో ఎం.ఎఫ్. హుసేన్ ‘గ్రామయాత్ర’ న్యూయార్క్‌లో 118 కోట్లు పలికినప్పుడూ అదే తంతు. 1954లో వేసిన ఆ పటంలో పదమూడు పల్లె దృశ్యాలున్నాయని గానీ, అది ఏళ్ల తరబడి ఓస్లోలో ఒక ఆసుపత్రి గోడకి వేలాడిందని గానీ మీరు రాశారా? గాయ్‌తొండే ఏడాదికి వేసేదే కొద్ది బొమ్మలు. కుంచె పక్కన పెట్టి రోలరూ కత్తీ పట్టేవాడు. రోలరంటే మా పెయింటర్ల సామానే కదా, ఆ ఒక్క ముక్క రాసినా మా వీధిలో నలుగురు చదివేవారు. ఆయన 2001లోనే పోయాడు, కాబట్టి ఆ కోట్లు ఎవరి జేబులోకి వెళ్లాయో అదీ లేదు. బొమ్మ మళ్లీ అమ్ముడైతే చిత్రకారుడికో వారసులకో వాటా ఉండాలని 1994లో కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ చేర్చారు. అది ఎక్కడ నిద్రపోతోందో అడిగే విలేకరి మీ దగ్గర లేడా?

ఇవన్నీ నీకెక్కడ దొరికాయి అంటారేమో. చాలామటుకు వేలం కంపెనీ క్యాటలాగుల్లోనే. అవి ఉచితం. అమ్మేవాడు తన సరుకు గురించి రాయించుకున్న పొగడ్త ఎంతైనా చదువుకోవచ్చు. అమ్మకంతో పనిలేని మనిషి ఏళ్లు కష్టపడి రాసిన వ్యాసం మాత్రం డాలర్లు కడితే గానీ తెరుచుకోదు.

మా అమ్మాయి విశాఖ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో బీఎఫ్ఏ, అంటే చిత్రకళ డిగ్రీ, చదువుతోంది. సవర ఇడితాల్ మీద ప్రాజెక్టు రాయమన్నారు. ఇడితాల్ అంటే పర్లాకిమిడి వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ మీ డెస్కు వాళ్ల కోసం చెబుతాను. కొండ మీద సవర గిరిజనులు ఇంటి లోపలి గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండిలో వెదురు పుల్ల ముంచి, చనిపోయిన పెద్దల కోసం, రోగాలు రాకుండా వేసుకునే బొమ్మ. అందులో ఏనుగులుంటాయి, సూర్యచంద్రులుంటారు, ఈ మధ్య సైకిళ్లూ విమానాలూ ఎక్కాయి. దానిమీద ఒక విదేశీ పత్రికలో వ్యాసం ఉందని పిల్ల వెతికి పట్టుకుంది. మొదటి పేరా చూపించి తలుపేశాడు. మిగతాది చదవాలంటే మూడు వేల రూపాయల పైమాటే. కొండ మనది, గోడ మనది, బియ్యప్పిండి మనది. దాని గురించి చదవడానికి కప్పం వాడికి.

కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని పరిశోధన పత్రికల చందాకి 2025 నుంచి మూడేళ్లకి 6,000 కోట్లు ఇచ్చింది కదా అనకండి. అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకీ, పరిశోధన సంస్థలకీ. ప్రైవేటు కాలేజీ పిల్లకి లేదు, నాలాంటివాడు వెళ్లి కూర్చునే ఊరి గ్రంథాలయానికి లేదు. దేశం ఒకటే, చందా ఒకటే, మేం ఏ దేశంలో ఉన్నామో మరి. మావైపు ఒక ప్రభుత్వ గ్రంథాలయంలో చిత్రకళ పుస్తకాలు అడిగితే ముగ్గుల పుస్తకం చేతిలో పెట్టారు. నవ్వలేదు, తీసుకొచ్చాను, మా ఆవిడకి పనికొచ్చింది.

ఇంకో విడ్డూరం. చేత్తో వేసిన చిత్రపటాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 అయింది. మంచిదే, మావాళ్ల బొమ్మలకీ వర్తిస్తుంది. కానీ పుస్తకాలు అచ్చేసే కాగితం అదే రోజు 12 నుంచి 18కి ఎక్కింది. బొమ్మ కొనేవాడికి తగ్గింపు, బొమ్మ గురించి చదివేవాడికి వడ్డింపు.

చదవకపోతే ఏం మునిగిపోతుంది అనేవాళ్లకి చెబుతున్నాను. ఒక ప్రభుత్వ కార్యాలయం వారు గిరిజన సభకి సవర బొమ్మలతో ఫ్లెక్సీ కావాలని నా షాపుకి ఫైలు పంపారు. తెరిచి చూస్తే వర్లీ బొమ్మ! రెండు ముక్కోణాలు మొనకి మొన ఆనించి నడుం చేసిన మనుషులు, చుట్టూ తిరిగే తార్పా నాట్యం. మహారాష్ట్ర కొండల్ది. సవరలది ముందు చుట్టూ గడి కట్టి లోపలికి నింపుకుంటూ వచ్చే పద్ధతి, మనుషుల ఒళ్లు కూడా అంత మొనదేలి ఉండదు. ఇది కాదండీ అంటే, “ఎవరు చూస్తారయ్యా, వేసెయ్” అన్నారు. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రకళకి జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకని ఇచ్చే ప్రభుత్వ ముద్ర) వచ్చిందని సభలు పెట్టిందీ ఇలాంటి ఆఫీసులే. సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించారు గానీ, అది ఏ బొమ్మకి ఇచ్చారో చెప్పే చిన్న పుస్తకం ఒడియాలో గానీ తెలుగులో గానీ సవరలో గానీ నా కంటబడలేదు.

పైగా ఆ గోడలే ఖాళీ అవుతున్నాయి. కేంబ్రిడ్జి నుంచి వచ్చిన పరిశోధకుడు పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి సవర ఊళ్లలో ఉండి రాశాడు: కుర్రకారు బాప్టిస్టు సంఘాల్లో చేరారు, చచ్చిపోయిన పెద్దలతో మాట్లాడే పాత పద్ధతి వదిలేశారు. అది వాళ్లిష్టం, నేను తప్పు పట్టను. కానీ రేపు సవర పిల్లవాడు తన తాత గోడ మీద ఏముండేదో తెలుసుకోవాలంటే వాడికీ మూడు వేలు కట్టమనేనా? న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు తమ పాత పుస్తకాలు వందలకొద్దీ ఉచితంగా పెట్టారు, ఫోన్లో దింపుకున్నాను. పర్లాకిమిడిలో కూర్చుని ఈజిప్టు సమాధుల గోడల గురించి ఎంతైనా చదవొచ్చు, పక్క కొండ గోడల గురించి కుదరదు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే ఉండి సవర నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ కట్టి, సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆయన జయంతికి మీరు ఏటా పేజీ వేస్తారు, పూలదండ ఫొటోతో సహా.

మీ ఆదివారం అనుబంధంలో సినిమాకి అన్ని పేజీలు పోతున్నాయి. తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ గారు తెలుగులో చిత్రకళ గురించి రాస్తే వేసుకున్న పత్రికలు ఒకప్పుడు ఉండేవి. ఒక్క పేజీ ఇవ్వండి. రాసేవాళ్లకి డబ్బు కూడా ఇవ్వండి, ఊరికే రాయమనకండి.

ఇక ఆ ఆఫీసరు గారికి మళ్లీ సవర బొమ్మ కావాల్సి వస్తే ఫైలు పంపొద్దని మనవి. గుణుపురం వైపు నుంచి వేసేవాళ్లనే పిలిపిస్తాను. కూలి మాత్రం ముందే ఇవ్వాలి, పోయినసారి ఫ్లెక్సీ బిల్లు ఇంకా పాస్ కాలేదు.

ఇట్లు,
ఒక ఫ్లెక్సీ షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా