మంచులో బండిని ఆపేది టైరే

సంపాదకులకు,

మంచులో దూసుకెళ్లే ఆల్ వీల్ డ్రైవ్ కార్ల ప్రకటనలు చూసి మా వీధివాళ్లు పిల్లాపాపలతో మనాలీ ప్రయాణం కట్టారు. లంబసింగి వెళ్లొచ్చాం కదా అని ధీమా! అక్కడిది పొగమంచు, రోడ్డుపై పేరుకోదు.

టైర్ల షాపు నడిపేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది కాబట్టి బండి కదలడం, ఎత్తు ఎక్కడం తేలికే. ఆపేటప్పుడు మాత్రం అది అక్కరకు రాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, పట్టు టైరుది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీలకు దిగువన గట్టిపడడం మొదలవుతుంది. చలి ప్రాంతాల కోసం చేసే వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, దాని ట్రెడ్‌పై (రోడ్డును తాకే భాగంపై) బ్లేడుతో గీసినట్టు సన్నని కోతలుంటాయి. మంచును పట్టేవి అవే. గడ్డకట్టిన ఐస్ మీద అవీ అంతంతమాత్రమే, టైర్లకు ఇనుప చెయిన్లు కట్టుకోవాలి.

సన్‌రూఫ్ గురించి అంత రాసే కంపెనీలు, మంచులో ఫొటో తీసిన బండికి ఏ టైర్లు తొడిగారో కూడా ప్రకటనలో వేయాలి.

– ఒక టైర్ల వ్యాపారి, గాజువాక, విశాఖపట్నం