ఆ మెడికల్ షాపు అబ్బాయికి థాంక్స్

నాన్న నిన్న సాయంత్రం డిశ్చార్జ్ అయ్యారు. వారంగా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

నాన్నకి పార్కిన్సన్స్ (ఒళ్లు బిగుసుకుపోయి, కదలికలు మందగించే జబ్బు) వచ్చి 9 ఏళ్లు. అసలు మందు లెవోడోపా-కార్బిడోపా రోజుకి 5 సార్లు, దానికి తోడు ప్రామిపెక్సోల్, అమాంటడీన్, పొద్దున ఒక రసాజిలిన్. అన్నీ గడియారం చూసుకుని వేయాలి, లెవోడోపా అయితే తిండికి కాస్త ముందే. యూరిన్ ఇన్ఫెక్షన్, జ్వరం, వాంతులతో గుంటూరులో అడ్మిట్ చేశాం.

మూడో రోజు రాత్రి 11 దాటాక వాంతులకి ఇంజెక్షన్ తెమ్మని చీటీ ఇచ్చారు. కింద షాపులో అబ్బాయి, పాతికేళ్లుంటాయేమో, ఇంజెక్షన్ తీసి మళ్లీ లోపల పెట్టేశాడు. "అక్కా, పొద్దున మీరు కొన్నవి పార్కిన్సన్స్ మందులు కదా? ఇది మెటోక్లోప్రమైడ్, డోపమైన్‌కి, అంటే ఒళ్లు కదలడానికి మెదడులో కావాల్సిన రసాయనానికి, అడ్డం పడుతుంది, ఇంకా బిగుసుకుపోతారు" అన్నాడు. నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే, షట్టర్ సగం దించి నాతో పైకొచ్చి తనే డ్యూటీ డాక్టరు గారికి చెప్పాడు. ఆయన మంచాయనే, వెంటనే అది కొట్టేసి వాంతులకే వేరే మందు, ఆండాన్‌సెట్రాన్ రాశారు.

మళ్లీ కిందికొచ్చాక, అడక్కుండానే చిన్న కాగితం కవర్లు తీసి, స్కెచ్ పెన్నుతో 6, 9, 12, 3, 7 అని రాసి, ఏ పూట మాత్రలు ఆ కవర్లో వేసిచ్చాడు. 9 గంటల కవరు మీద "టిఫిన్‌కి ముందు" అని రాసి కింద గీత కూడా గీశాడు. అది చూసి అక్కడే ఏడ్చేశాను. ఏం మాట్లాడకుండా ప్లాస్టిక్ స్టూలు నా వైపు జరిపాడు. కనీసం పేరు కూడా అడగలేదు నేను.

ఏడుపెందుకంటే, రెండు రోజులుగా వార్డులో ఈ టైం గురించే బతిమాలుతున్నా. మేం కొన్న మాత్రలే వాళ్ల దగ్గర పెట్టుకుని, 9 గంటలది పదిన్నరకి ఇడ్లీతో పాటు తెస్తారు. అప్పటికి నాన్న చెయ్యి చెక్కలా అయిపోయి ఇడ్లీ ముక్క నోటి దాకా పోయేది కాదు. ముగ్గురు డాక్టర్లు మూడు చీటీలు రాస్తే, మూడూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒక్కరుండరా? బిల్లు మాత్రం నిమిషం లేటవ్వదు. మర్నాడు ఆ కవర్లు చూపిస్తే "అయితే మీరే వేసుకోండి" అన్నారు, అదీ ఒకందుకు మంచిదే అయింది.

అమ్మ, తమ్ముడు, మా ఆయన సెలవులు పెట్టి తిరిగారు, వాళ్లకి ఇంట్లో చెప్పుకుంటాలే.

అయ్యో, పక్క బెడ్ పెద్దమ్మని మర్చిపోయా, రోజూ ఫ్లాస్కులో వేణ్ణీళ్లు ఇచ్చింది. లిఫ్ట్ ఆగిపోతే నాన్నని కుర్చీతో సహా మోసిన వార్డుబాయ్‌లు ఇద్దరు. ఇంకా నరసరావుపేట దాకా తెచ్చిన కారు డ్రైవర్ గారు, గతుకొచ్చినప్పుడల్లా అద్దంలో చూసి "పెద్దాయన బాగానే ఉన్నారా అమ్మా" అని అడిగారు.